వినయానికి ఇరవై మార్కులు

నిరాడంబర మాత కన్యాస్త్రీల సభ పుట్టి నూట పదేళ్ళయింది. ఆ నూట పదేళ్ళూ సిస్టర్లు కోడి కూయకముందే లేచి జపం చేసుకున్నారు, ఆస్పత్రుల్లో పుళ్ళు కడిగారు, హాస్టల్ పిల్లలకి తలలు దువ్వారు, దిక్కులేని ముసలివాళ్ళకి గంజి పోశారు. ఇంతా చేశాక సభ పెద్దలకి ఒక అనుమానం వచ్చింది. అసలు మన సిస్టర్లు మంచివాళ్ళేనా? మంచివాళ్ళే అయితే కాగితం ఏదీ?

అనుమానం ఉత్తినే రాలేదు. జిల్లాలో ఒక కాలేజీకి ఆ మధ్య గొప్ప గ్రేడు వచ్చింది. ఆ కాలేజీలో పాఠం చెప్పేవాళ్ళు సగంమంది లేరు గానీ, పాఠం చెబుతున్నట్టు ఫోటోలు పదకొండు వేలున్నాయి. ఆ పదకొండు వేలూ తీయించిన మేధావి డాక్టర్ భానుమూర్తి గారు. సభకి ఆంధ్రా ప్రాంతం మొత్తానికి పెద్దగా ఉన్న మదర్ జెర్మానా ఆయన సంగతి విని, పిలిపించి, టీ ఇచ్చి, నలభై ఆరుమంది సిస్టర్ల వ్యక్తిగత ఫైళ్ళూ ఆయన చేతుల్లో పెట్టేశారు.

ఫైళ్ళంటే పెద్ద ఫైళ్ళేం కాదు. గుండ్లమెట్ట మఠంలో, పూజ వస్త్రాలు పెట్టే బీరువా కింది అరలో, గోధుమరంగు అట్టల మధ్య తలా ఒక కాగితం. పేరు, తండ్రి పేరు, జ్ఞానస్నానం పొందిన గుడి, కన్యాస్త్రీగా మాటపట్టు తీసుకున్న తేదీ, పనిచేసిన ఊళ్ళు. అంతే. సిస్టర్ శౌరీలమ్మ కాగితం మీద మాత్రం అదనంగా ఒక వాక్యం ఉంది. ఎనభై ఏడులో అప్పటి మదర్ ఎర్రసిరాతో రాసినది: "నవ్వు ఎక్కువ. తగ్గించుకోవలెను." ఆ తర్వాత ముప్పై ఎనిమిదేళ్ళుగా శౌరీలమ్మ గురించి రాయాల్సినంత విశేషం ఎవరికీ కనపడలేదు.

ట్రైనింగు గుండ్లమెట్ట మఠం భోజనాల గదిలోనే పెట్టారు. గోడకి దుప్పటి కట్టి దాని మీద ప్రొజెక్టరుతో బొమ్మలు వేశారు.

"సిస్టర్స్! రికార్డు లేనిది జరగనట్టే," అన్నారు భానుమూర్తి గారు. "మీరు యాభై ఏళ్ళు ప్రార్థన చేశారనుకోండి. ఎవిడెన్స్ లేదు. సిస్టమ్ దృష్టిలో మీరు యాభై ఏళ్ళు కళ్ళు మూసుకుని కూర్చున్నట్టు."

"కూర్చోలా. మోకాళ్ళ మీదున్నాం," అంది వెనక బల్ల మీంచి వంటింటి సిస్టర్ బెనదిక్త.

"మోకాళ్ళ మీదున్న ఫోటో ఉందా?"

"ఫోటో లేదు. నొప్పులున్నయ్."

"మెడికల్ సర్టిఫికెట్ జతపరిస్తే సగం మార్కులు ఇస్తాం," అన్నారాయన, ఏమాత్రం నవ్వకుండా.

మొత్తం వంద మార్కులు. పేదరికానికి ఇరవై: తన దగ్గర లేని వస్తువులన్నిటి జాబితా రాసి సంతకం పెట్టాలి. విధేయతకి ఇరవై: పై అధికారి రాతపూర్వకంగా ఆజ్ఞ ఇవ్వాలి, అది పాటించిన ఫోటో జతచేయాలి. ప్రార్థనకీ మౌనానికీ కలిపి ఇరవై: మౌనం పాటించినట్టు గంటసేపు ఆడియో రికార్డు చేసి పంపాలి. బ్రహ్మచర్యం దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు సవరించుకుని, "దీనికి సెల్ఫ్ డిక్లరేషన్ చాలు," అని గబగబా తర్వాతి బొమ్మకి వెళ్ళిపోయారు. వినయానికి ఇరవై: గడచిన ఏడాదిలో కనీసం మూడు అవమానాలు, సాక్షి సంతకంతో.

శౌరీలమ్మ గోడ గడియారం వంక చూసుకుంటోంది. మంచాన పడున్న పెద్ద సిస్టర్ ఇన్నాసమ్మకి జావ తాగే వేళ దాటిపోతోంది. లేచి మెల్లగా తలుపు దాకా వెళ్ళేసరికి మదర్ జెర్మానా గొంతు వినిపించింది.

"ప్రియ సహోదరీలారా! అరవైకి తక్కువ వచ్చినవారు కొండదిబ్బలోని మన పునర్నిర్మాణ కేంద్రంలో రెండు సంవత్సరములు గడపవలసి ఉంటుంది. దీనిని శిక్షగా భావించవద్దు. కృపాకాలముగా భావించండి."

కొండదిబ్బ అంటే బస్సులో తొమ్మిది గంటలు. శౌరీలమ్మ తలుపు పట్టుకుని ఆగిపోయింది. దిగులు తన గురించి కాదు. తనకి అరవై ఒకటి, ఏ దిబ్బ మీదైనా బతుకుతుంది. ఇన్నాసమ్మకి ఎనభై ఆరు. నాలుగేళ్ళ కింద పెరట్లో కోతి కొబ్బరిచిప్ప ఎత్తుకుపోతుంటే "దొంగ! దొంగ!" అని వెంటపడి, అక్కడే కుప్పకూలిపోయింది. పక్షవాతం. కుడిపక్క పోయింది, మాటలన్నీ పోయాయి, ఆఖరున నోట్లో ఉన్న ఆ ఒక్కటి తప్ప. ఇప్పుడు ఆకలైతే నీరసంగా "దొంగ". పక్క మార్చాలంటే సాగదీసి "దొంగా". కడుపు నిండితే రెండుసార్లు, మెత్తగా, "దొంగ, దొంగ". ఈ భాష మఠంలో శౌరీలమ్మ ఒక్కదానికే వచ్చు. ఆమె చేత్తో పెడితేనే ఇన్నాసమ్మ మింగుతుంది. ఒకసారి శౌరీలమ్మ జ్వరంతో మూడు రోజులు మంచం పడితే, ఆ మూడు రోజులూ పెద్దామె పళ్ళు బిగించుకుని పడుకుంది. రెండేళ్ళంటే ఇక చెప్పేదేముంది.

మర్నాటినుంచి మఠంలో మంచితనం మొదలైంది.

ముందు విధేయత. ఆజ్ఞలు కావాలి కాబట్టి మఠం పెద్ద పొద్దున్నే కూర్చుని ఆజ్ఞలు రాయడం మొదలుపెట్టింది. "వరండాలోని కుర్చీ గదిలో పెట్టవలెను." "గదిలోని కుర్చీ వరండాలో పెట్టవలెను." కుర్చీ రోజుకి ఇరవైసార్లు తిరిగి మూడోనాటికి కాలు విరిగింది. విరిగిన కుర్చీని పేదరికం కింద ఫోటో తీసుకున్నారు. మౌనం ఆడియోలు తిరిగి వచ్చేశాయి: "పదిహేడో నిమిషంలో కాకి మాట్లాడింది. మళ్ళీ పంపండి."

అవమానాలకి వంటింటి ముందు వరస కట్టారు.

"బెనదిక్తా, కాస్త నన్ను తిట్టవే. నాకు ఒక్కటి కూడా కాలేదు," అని బతిమాలింది లెక్కల టీచరు సిస్టరు.

"ఏమని తిట్టేది?"

"నీ ఇష్టం. పనికిమాలినదానా అను, చాలు."

"మొన్న సాంబారు నీళ్ళలాగుందన్నావు గదా, ఆ మంట ఇంకా ఉంది. ఉండు," అని బెనదిక్త గరిటె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, పొయ్యి మీద పప్పు మూడు పొంగులు వచ్చేదాకా తిట్టింది. సంతకం పెట్టడానికి వచ్చిన సాక్షి ఏడ్చింది.

"ఇది ఒకటి కిందకొచ్చిద్దా, మూడు కిందకా?" అని కళ్ళు తుడుచుకుంటూ అడిగింది లెక్కల టీచరు.

"మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకున్నాగా. మూడు రాసుకో."

ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి కూడా ఆధారం అడిగారు. పాపాల సంఖ్య, తీవ్రత, క్షమించిన తేదీ, ఫాదర్ సంతకం. రసీదు పుస్తకం అచ్చు వేయించి గుడికి పంపితే రాయప్ప ఫాదర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి వెనక్కి ఇచ్చేశారు. "రసీదు ఇచ్చానంటే రేపు సరుకు వాపసు తీసుకోమంటారు. పొండమ్మా, పొండి."

ఆఖరున స్వీయ మదింపు పత్రం వచ్చింది. అక్కడే భానుమూర్తి గారి అనుభవానికి మొదటి దెబ్బ తగిలింది. కాలేజీల్లో ఆయన ఈ పత్రం ఇస్తే జనం తమ గొప్పలు రాయడానికి చోటు చాలక గొడవ చేసేవారు. వీళ్ళు పదిహేడో ఏటినుంచి రోజుకి రెండు పూటలా ఆత్మ పరిశీలన చేసుకుని, తప్పులు ఏరుకునే మనుషులు. కాగితం మీద "మీ గురించి రాయండి" అని కనపడగానే నలభై నాలుగుమంది పాపాలు రాసేశారు. "జపమాల మధ్యలో గుత్తివంకాయ తలపుకొచ్చింది." "ఉప్మాలో జీడిపప్పు ముందే ఏరుకున్నాను." "ఈ పత్రం రాయించినవారి మీద విసుగు పుట్టింది. మూడుసార్లు." లోపాలకి రెండు గీతలిస్తే అదనపు కాగితాలు కుట్టారు. విజయాలకి పేజీ ఇస్తే ఖాళీగా వదిలేశారు.

మంచాన ఉన్న ఇన్నాసమ్మ పోగా మిగిలిన ఒక్కామె సిస్టర్ క్లెమెన్షియా, పట్నంలో హెడ్‌మిస్ట్రెస్. అవార్డులకి అర్జీలు పెట్టిన చెయ్యి. ఆమె ఒక్కతే విషయం అర్థం చేసుకుని రాసింది: "నా వినయము రాష్ట్ర స్థాయిలో గుర్తింపు పొందినది."

"ఇది కదా డాక్యుమెంటేషన్!" అన్నారు భానుమూర్తి గారు. మిగతావాళ్ళని గొప్పలు రాయమని మదర్ జెర్మానా ఆజ్ఞ వేశారు. ఆజ్ఞ పాటిస్తే విధేయత మార్కులు కూడా వస్తాయి కాబట్టి అందరూ కళ్ళు మూసుకుని రాశారు.

శౌరీలమ్మ రెండు రోజులు ఆ కాగితం ముందు పెట్టుకుని కూర్చుంది.

"రాయండి సిస్టర్," అంది బెనదిక్త. "నాలుగేళ్ళబట్టి ఆమెకి ఒక్క పడకపుండు లేదు. అది రాయండి."

"అది రాస్తే దండోరా వేసినట్టుండదా?"

"వేయమనేగా వాళ్ళు డప్పిచ్చింది!"

చివరికి శౌరీలమ్మ విజయాల పేజీలో ఒక్క మాట రాసింది: "పెద్దమ్మ తిన్నది." ఎదురుగా ఆధారం అన్న చోట: "గిన్నె ఖాళీ." ఫోటోలు లేవు, ఆడియో లేదు, అవమానాలకి తీరిక లేదు. మొత్తం ముప్పై నాలుగు మార్కులు వచ్చాయి. సోమవారం కొండదిబ్బకి బయలుదేరమని కాగితం వచ్చింది. ఇన్నాసమ్మ బాధ్యత, తొంభై తొమ్మిది మార్కులు వచ్చిన క్లెమెన్షియాకి అప్పగించారు.

అది ఏటా మౌనంగా ధ్యానం చేసుకునే వడకం వారం. ప్రాంతంలోని సిస్టర్లందరూ ధ్యానానికి గుండ్లమెట్టలోనే దిగి ఉన్నారు. బెనదిక్త వడకం మౌనాన్ని పక్కన పెట్టి, రూల్సు పుస్తకం తిరగేసి, ఒక నిబంధన పట్టుకుంది. సేవ పొందిన మనిషి నోటితో చెప్పిన సాక్ష్యానికి అదనంగా ముప్పై మార్కులు. ముప్పై నాలుగూ ముప్పై కలిస్తే అరవై నాలుగు.

"పెద్దమ్మ చేత చెప్పిద్దాం," అంది బెనదిక్త.

"ఆమెకి వచ్చే మాటేందో నీకు తెలుసుగా," అంది శౌరీలమ్మ.

"తెలుసు. వాళ్ళకి మనం ముందే వివరంగా చెబుదాం. చదువుకున్నోళ్ళు, ఆమాత్రం అర్థం చేసుకోరా?"

మదర్ జెర్మానా, క్లెమెన్షియా, భానుమూర్తి గారు ముగ్గురూ కమిటీగా మంచం దగ్గరికి వచ్చారు. ఫోను నిలబెట్టి రికార్డింగు మొదలుపెట్టారు. శౌరీలమ్మని గుమ్మం బయట నిలబెట్టారు. సాక్షిని ప్రభావితం చేయకూడదట.

"అమ్మా," అన్నారు భానుమూర్తి గారు పెద్ద గొంతుతో. "సిస్టర్ శౌరీలమ్మ మీకు ఎలా సేవ చేస్తున్నారు?"

ఆ పేరు వినగానే ఇన్నాసమ్మ మొహం విచ్చుకుంది. ఎడమ చెయ్యి ఎత్తి, గుమ్మం వైపు చూపించి, నాలుగేళ్ళ ప్రేమంతా గొంతులోకి తెచ్చుకుని అంది.

"దొంగ! దొంగ!"

ఈసారి కాకి కూడా మాట్లాడలేదు.

"అయ్యా, ముందే చెప్పాంగా!" అంది బెనదిక్త. "ఆమెకి ఆ మాటొక్కటే వచ్చిద్ది. సంతోషమొచ్చినా అదే అనిద్ది."

"డాక్టర్ సర్టిఫికెట్ ఉందా?"

ఉంది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివారు. "ఇందులో 'మాట పూర్తిగా పోయినది' అని ఉంది."

"అదే గదా నేను చెప్పేది!"

"మాట పూర్తిగా పోయిన మనిషి, మాట కూడదీసుకుని మరీ చెప్పిందంటే, సాక్ష్యం ఎంత బలమైనదో ఆలోచించండి."

మదర్ జెర్మానా సిలువ గుర్తు వేసుకున్నారు. శౌరీలమ్మని లోపలికి పిలిచారు.

"సిస్టర్, మీరు ఎప్పుడైనా ఏదైనా దొంగిలించారా? మనస్సాక్షిగా చెప్పండి."

మనస్సాక్షి అన్నాక శౌరీలమ్మకి రెండో దారి తెలీదు. కళ్ళు మూసుకుని వెతుక్కుంది. "వంటింట్లో అడక్కుండా బెల్లం ముక్క తీశాను మదర్. పెద్దమ్మ జావలోకి."

"నా బెల్లమే గదా!" అని అరిచింది బెనదిక్త. "నేనే ఇచ్చినట్టు రాసుకోండి!"

"గడచిన తేదీ వేసి అనుమతి ఇవ్వడం ప్రొసీజర్‌కి విరుద్ధం," అన్నారు భానుమూర్తి గారు బాధగా. ముప్పై నాలుగు మార్కులు చెరిపేసి, కొత్తగా నిబంధన ఒకటి రాసుకున్నారు. మాట పోయిన సాక్షి ఎవరినైనా దొంగ అంటే, వారు మార్కులతో సంబంధం లేకుండా కొండదిబ్బకి వెళ్ళవలెను.

ఆ సాయంత్రం ఇన్నాసమ్మకి జావ క్లెమెన్షియా పెట్టింది. చెంచా పట్టుకున్న ఫోటో బాగా వచ్చింది. జావ లోపలికి పోలేదు. పెద్దామె పళ్ళు బిగించుకుని పైకప్పు చూస్తోంది. గుమ్మం బయట శౌరీలమ్మ సంచిలో బట్టలు సర్దుకుంటూ, ఒక్కొక్కటి రెండేసిసార్లు మడత పెడుతోంది.

బెనదిక్త వంటింట్లో అంట్లు గట్టిగా మోగించుకుంటూ తోమింది. తోముతూ తోముతూ ఆగిపోయింది. చేతులు కడుక్కుని, సిస్టర్లు ధ్యానం చేసుకుంటున్న హాలులోకి వెళ్ళి, మౌనం చెడకుండా ఒక కాగితం గోడకి అంటించింది. అది భానుమూర్తి గారి రూల్సు పుస్తకంలోని పేజీయే. "రోగులను పరామర్శించుట: ఐదు మార్కులు. వీడియో తప్పనిసరి." కింద తన చేతిరాతతో: "రోగి పక్క గదిలోనే ఉంది."

పావుగంటలో ఇన్నాసమ్మ మంచం ముందు వరస కట్టారు. నలభై నాలుగుమంది ధ్యానం వదిలి, ఫోన్లు పట్టుకుని, వరండా దాటి బావి దాకా. అందరికన్నా ముందు మదర్ జెర్మానా నిలబడ్డారు, పెద్దలు ఆదర్శంగా ఉండాలి కాబట్టి.

"సహోదరీ, మీ ఆరోగ్యం ఎలా ఉన్నది?"

ఇన్నాసమ్మకి ఆకలి మండిపోతోంది. "దొంగ!"

తర్వాత క్లెమెన్షియా. "దొంగ!" లెక్కల టీచరు. "దొంగ!" మఠం పెద్ద, పెద్దామె నిద్రపోతోందేమోనని వంగి చూసింది. "దొంగా!" చీకటి పడేలోపు ఇన్నాసమ్మ ప్రాంతం మొత్తాన్ని పేరుపేరునా తేల్చేసింది. బెనదిక్త కూడా మర్యాదగా వరసలో నిలబడి తన వంతు తాను వేయించుకుంది. వీడియోలు ఎప్పటికప్పుడు భానుమూర్తి గారి సిస్టమ్‌లోకి ఎక్కిపోయాయి.

"అయ్యా, ఒక డౌటు," అంది బెనదిక్త, ఆయన టీ తాగుతుంటే పక్కన నిలబడి. "పెద్దమ్మ సాక్ష్యం శౌరీలమ్మ సిస్టర్‌కి చెల్లిద్ది గానీ మదర్‌కి చెల్లదా?"

ఆయన కప్పు దించారు. ఆలోచించారు. కాదంటే నిబంధన తప్పు. నిబంధన తప్పంటే భానుమూర్తి గారు తప్పు. అంతటి సాహసం ఆయన ఎన్నడూ చేయలేదు.

"రూలు రూలే," అన్నారు.

"ఐతే వీడియోలు చెరిపేద్దామా?" అన్నారు మదర్ జెర్మానా నీరసంగా.

"మదర్! సిస్టమ్‌లో ఎక్కిన ఎవిడెన్స్ చెరపడం చాలా పెద్ద నేరం."

ఆ విధంగా సభ చరిత్రలో మొదటిసారి ఒక ప్రాంతం మొత్తం కొండదిబ్బకి అర్హత సాధించింది. ఇన్నాసమ్మ ఒక్కతే మిగిలింది, ఆమెని ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి. కాకపోతే కొండదిబ్బలో ఉన్నవి ఎనిమిది మంచాలు. ఒక్కో విడతకి రెండేళ్ళు. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న ప్రశ్న మీద కమిటీ ఒక రోజంతా కూర్చుని, పక్షపాతం ఉండకూడదని అక్షర క్రమం ఖాయం చేసింది. అ నుంచి హ దాకా. అంజెలీనా, అగాతమ్మ, ఎలిజబెత్, క్లెమెన్షియా వగైరా ఎనిమిదిమంది మొదటి బస్సులో వెళ్ళిపోయారు. మదర్ జెర్మానా రెండో విడత. ఆవిడ మూటా ముల్లె ఇప్పటినుంచే సర్దుకుంటున్నారట, విధేయతలో ఆవిడకి ఇరవైకి ఇరవై.

వారం తిరక్కుండా శౌరీలమ్మకి రిజిస్టరు పోస్టులో కవరు వచ్చింది. అప్పుడామె ఇన్నాసమ్మ మంచం అంచున కూర్చుని ఉంది. ఒడిలో జావ గిన్నె. కవరు బెనదిక్త చింపి చదివింది.

"'సిస్టర్ శౌరీలమ్మ గారికి. వెయిటింగ్ లిస్టులో తమరి సంఖ్య నలభై నాలుగు. ఆరవ విడతలో, అనగా పది సంవత్సరముల తర్వాత, తమకు సీటు కేటాయించబడినది.' ఇంకా ఏందో ఉంది, ఉండండి. 'గమనిక. ఈలోగా తమరి ప్రవర్తన మెరుగుపడినట్లు ఋజువైనచో సీటు రద్దగును. కావున తగు జాగ్రత్త వహించవలెను.'"

శౌరీలమ్మ చెంచా నింపి, ఊది, ముసలామె పెదవుల దగ్గర పెట్టింది.

"విన్నావా పెద్దమ్మా? పదేళ్ళదాకా నేను బాగుపడకూడదంట. ఊఁ, నోరు తెరువు."